విదేశీ వాలంటీర్లతో చెరువు గట్టుకు వెళ్లే ముందు

భద్రకాళి చెరువు గట్టున చెత్త ఏరడానికి విదేశీ వాలంటీర్లు వస్తున్నారా? చీపుర్లు, గోనె సంచుల సంగతి తర్వాత. ముందు కాగితాలు.

- టూరిస్టు ఈ-వీసా మీద నెలకు మించకుండా, ప్రతిఫలం లేకుండానే సేవ చేయాలి. శాలువా కప్పండి గానీ, కవరు చేతిలో పెట్టకండి.
- మీ ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో అధికారులకు వివరాలు పంపాలి. చుట్టంలాంటివాడే కదా అని వదిలేస్తే తర్వాత టెన్షన్ మీకే.
- సంఘానికి విరాళం ఇస్తామన్నా, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా తీసుకోవద్దు.
- గ్లౌజులు, బూట్లు తప్పనిసరి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు గాయానికి తగిలితే లెప్టోస్పిరోసిస్ రావచ్చు. ఎవరి కాలికైనా చిన్న గాయమున్నా సరే, వాళ్లను నీళ్లలోకి దించకుండా గట్టు మీద పనే ఇవ్వండి.
- ఎండాకాలమైతే తొమ్మిదికల్లా ఆపేయండి. మజ్జిగ మరవొద్దు.