మూలవాసీ వాగ్గేయకారులను మన సభకు పిలిచేటప్పుడు: ఆస్ట్రేలియాలోని తెలుగు సంఘాల కోసం

ఆస్ట్రేలియాలో సభ మొదలుపెట్టే ముందు ఆ నేల తొలి హక్కుదారులను స్మరిస్తూ నాలుగు వాక్యాలు చదవడం ఆనవాయితీ. మన ఉగాది, దీపావళి వేడుకల్లోనూ ఆ వాక్యాలు వినబడుతుంటాయి. చదివేవారి మనసులో గౌరవమే ఉన్నా, ఆ నేల మనుషులెవరో, వారి గొంతు ఎలా ఉంటుందో తెలియకుండానే సభ ప్రార్థనా గీతంలోకి వెళ్లిపోతుంది. ఆ లోటు తీరడానికి ఈ దేశపు మూలవాసులైన అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ దీవుల వాగ్గేయకారులను పిలిచి, వారు కట్టుకున్న పాటలను వారి నోటనే వినడం కన్నా మంచి మార్గం నాకు కనిపించలేదు. అయితే ఆ పాటల్లో చాలావాటి వెనుక తల్లుల నుంచి బిడ్డలను విడదీసిన చరిత్ర ఉంది కనుక, సినీ గాయకులతో సంగీత విభావరి పెట్టినంత తేలికగా ఈ పని చేయకూడదు. కార్యవర్గం ముందుగా ఏం తెలుసుకోవాలో, ఏ ఏర్పాట్లు చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు మనం వినాలి

ఆహ్వానం పంపకముందే కార్యవర్గంలోని వారంతా కొన్ని పాటలైనా శ్రద్ధగా వినాలి. వాగ్గేయకారుడు ఆర్చీ రోచ్ పాటలతో మొదలుపెట్టడం మంచిది. ఆయన 1956లో విక్టోరియా రాష్ట్రంలోని మూరూప్నాలో పుట్టారు. తల్లిది గుండిచ్‌మారా జాతి, తండ్రిది బుంజలుంగ్ జాతి. ఫ్రామ్లింగ్‌హామ్ అనే మూలవాసుల స్థావరంలో తన వాళ్ల మధ్య ఉండగా పసితనంలోనే ఆయనను ప్రభుత్వాధికారులు తీసుకుపోయారు. కన్నవారు అగ్నిప్రమాదంలో చనిపోయారని పెంచిన కుటుంబానికి అబద్ధం చెప్పారు. బడిలో చదువుకునే రోజుల్లో అక్క నుంచి వచ్చిన ఉత్తరం ద్వారా, తనకు తోబుట్టువులు ఉన్నారన్న సంగతీ, తల్లి కన్నుమూసిందన్న సంగతీ ఆయనకు ఒకేసారి తెలిశాయి. ఆ తరువాత ఇల్లు విడిచి ఏళ్ల తరబడి వీధుల్లో, తాగుడులో గడిపారు. అడిలైడ్‌లో కలిసిన రూబీ హంటర్ కూడా అలాగే కుటుంబం నుంచి విడదీసి తీసుకుపోయిన పిల్లే. నారిన్‌జెరి జాతికి చెందిన ఆమె ఆయనకు జీవిత భాగస్వామి అయ్యారు, తానూ పాటలు కట్టి పాడారు.

ఆ బిడ్డల అపహరణ మీద ఆర్చీ కట్టిన ‘టుక్ ది చిల్డ్రన్ అవే’ 1990లో రికార్డుగా వచ్చింది. అంతకుముందు మెల్బోర్న్‌లోని పెద్ద కచేరీ భవనంలో, ఆస్ట్రేలియా గాయకుడు పాల్ కెల్లీ కచేరీకి ముందు ఆర్చీ రెండే పాటలు పాడారు. రెండో పాట ముగిశాక హాలులో ఒక్క చప్పుడు లేదు. తన పాట ఎవరికీ నచ్చలేదనుకుని ఆయన గిటారు పట్టుకుని లోపలికి తిరిగారు. అప్పుడు ఒక మూల మొదలైన చప్పట్లు మెల్లగా హాలంతా నిండాయి. కార్యవర్గంలో ప్రతి ఒక్కరూ ఈ సంఘటనను గుర్తుపెట్టుకోవాలి, ముఖ్యంగా వ్యాఖ్యాత. పాట ముగిసీ ముగియగానే మైకు అందుకుని “అద్భుతం! గట్టిగా చప్పట్లు!” అనే అలవాటు మన వేదికల మీద ఉంది. ఇటువంటి పాట తరువాత వచ్చే మౌనంలో శ్రోత తనలో తాను ఏదో సర్దుకుంటూ ఉంటాడు. ఆ సమయాన్ని అతనికి వదిలేయాలి.

చరిత్ర కూడా కొంత తెలిసి ఉండాలి. ఈ పిల్లల అపహరణపై 1997లో వెలువడిన జాతీయ విచారణ నివేదిక ప్రకారం, 1910 నుంచి 1970 వరకు మూలవాసీ పిల్లల్లో పదిమందికి ఒకరి నుంచి ముగ్గురికి ఒకరి వరకు బలవంతంగా కుటుంబాల నుంచి వేరైపోయారు. 2008 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ ఇందుకు పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణకు దాదాపు రెండు దశాబ్దాల ముందే ఆ సంగతిని ఊరూరా వినిపించినవారు ఆర్చీ వంటి వాగ్గేయకారులు. ఆ పాటను పాడిన ప్రతిసారీ బాధలో కొంత తనను విడిచిపోతుందని ఆయన చెప్పేవారు. సంగీతం ద్వారా స్వస్థత అంటే నాకు అర్థమైనది ఇదే. పాడేవాడి బరువు కొంత దిగాలంటే ఎదురుగా మనసుపెట్టి వినే మనిషి ఉండాలి. అందుకే కరపత్రం మీద “గాయాలను మాన్పే సంగీతం” అని రాసి టికెట్లు అమ్మడం నాకు సమ్మతం కాదు. మాన్పుతుందో లేదో తేల్చవలసినవారు గాయపడ్డవారు.

ఎవరిని, ఎప్పుడు పిలవాలి

మీ సభాభవనం ఎవరి నేల మీద ఉందో మొదట కనుక్కోండి. మెల్బోర్న్‌లో ఒక పేట వురుండ్జెరి వారిది కావచ్చు, కొంచెం దక్షిణానికి వెళితే బునురాంగ్ వారిది కావచ్చు. సిడ్నీ నడిబొడ్డు గాడిగల్ వారిది, పడమటి పేటల్లో చాలా భాగం దారుగ్ వారిది. అడిలైడ్ గార్నా వారి నేల, పెర్త్ వాజుక్ నూంగార్ వారి నేల. స్థానిక కౌన్సిల్ కార్యాలయాన్ని అడిగితే సరైన సంస్థ పేరు చెబుతారు. స్మరణ వాక్యాలను ఎవరైనా చదవవచ్చు గానీ, స్వాగతం పలికే హక్కు మాత్రం ఆ నేలకు చెందిన పెద్దలకే ఉంటుంది. గాయకుడు వేరే ప్రాంతం వాడైతే అతనిచేత స్వాగతం చెప్పించకూడదు. గుంటూరు నుంచి వచ్చిన అతిథిచేత వరంగల్ ఇంట్లో “రండి, కూర్చోండి” అనిపించినట్టు ఉంటుంది. స్థానిక పెద్దలను విడిగా పిలవాలి, వారికి విడిగా రుసుము చెల్లించాలి.

తేదీ విషయంలో మన వాళ్లు తరచుగా చిక్కుల్లో పడేది జనవరి 26 దగ్గర. మనకు అది గణతంత్ర దినం, ఇక్కడ ఆస్ట్రేలియా దినం కూడా అదే కనుక రెంటినీ కలిపి ఒకే వేడుక చేయాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. అయితే 1788లో ఆ రోజే సిడ్నీ తీరంలో బ్రిటిష్ జెండా ఎగిరింది. 1938లో మూలవాసీ నాయకులు దానిని సంతాప దినంగా ప్రకటించి సిడ్నీలో సమావేశమయ్యారు. నేటికీ చాలా కుటుంబాలకు అది సంతోషించే రోజు కాదు. ఆ రోజున రెండు జెండాల నడుమ నిలబడి పాడమని ఎవరినీ అడగకండి. మన గణతంత్ర దినాన్ని మనం జరుపుకోవచ్చు, పాటల సభను వేరే రోజుకు పెట్టుకోవచ్చు. ఆ రోజునే వినాలని ఉంటే సిడ్నీ విక్టోరియా పార్కులో మూలవాసులు జరుపుకునే యాబున్ ఉత్సవానికి శ్రోతలుగా వెళ్లండి. అక్కడ వేదిక వారిది, మనం అతిథులం. ఆతిథ్యం ఇవ్వడానికి ముందు ఆతిథ్యం పొందడం చాలా నేర్పుతుంది.

మే 27 నుంచి జూన్ 3 వరకు మూలవాసులతో సయోధ్య కోసం జరిగే రీకన్సిలియేషన్ వారంలో, జూలై మొదట్లో వారి సంస్కృతి వేడుకగా వచ్చే నైడాక్ వారంలో ఈ కళాకారులకు తీరిక ఉండదు. ఆ రోజులే కావాలంటే చాలా నెలల ముందు అడగాలి. నా సలహా మాత్రం సంక్రాంతికో ఉగాదికో పిలవమని. అందరూ ఆ రెండు వారాల్లోనే గుర్తుచేసుకుంటే మిగిలిన యాభై వారాలూ వారికి వేదికలు కరువవుతాయి.

ఇంకొక సంగతి. పొడవాటి కొయ్య గొట్టంలా ఉండే డిజరిడూను ఊదమని ప్రతి మూలవాసీ గాయకుడినీ అడగకూడదు. యిడాకి అని పిలుచుకునే ఆ వాయిద్యం ఈశాన్య ఆర్నెమ్ ల్యాండ్‌లోని యోల్ఙు ప్రజల వంటి ఉత్తరాది వారి సంప్రదాయం. దక్షిణాది వాగ్గేయకారులు ఎక్కువమంది గిటారుతోనే పాడతారు. గ్రూట్ ఐలాండ్ మూలాలున్న ఎమిలీ వురమారా తన అనిందిల్యాక్వా భాషలోనూ ఇంగ్లీషులోనూ పాడతారు. పుట్టుకతోనే చూపు లేని యోల్ఙు గాయకుడు గురుముల్ ఎడమచేత్తో గిటారు వాయిస్తూ తన భాషలో పాడి ప్రపంచమంతా వినిపించారు. ఎవరి పాట వారిది, ఎవరి నేల వారిది.

డబ్బు, అనుమతులు

రుసుము అడిగి తెలుసుకోండి, బేరమాడకండి. “మా సంఘం లాభాపేక్ష లేనిది, మీకు మంచి ప్రచారం వస్తుంది” అన్న మాట వద్దు. ప్రయాణం, బస, తోడు వచ్చే కుటుంబసభ్యుల ఖర్చు, తోటి వాద్యకారుల రుసుము అన్నీ కాగితం మీద రాసుకోవాలి. సగం ముందే పంపి, మిగతా సగం కచేరీ జరిగిన రోజే చెల్లించాలి. బహిరంగంగా పాటలు వినిపించడానికి కావలసిన వన్‌మ్యూజిక్ ఆస్ట్రేలియా లైసెన్సు సభాభవనానికి ఉందో లేదో కనుక్కోండి. పాటల రచయితల హక్కులు చూసే ఏప్రా సంస్థలో సభ్యులైన వాగ్గేయకారులు, పాడిన పాటల జాబితాను ఆ సంస్థకు పంపితే వారికి రచయితల రాయల్టీ వస్తుంది. ఈ చిన్న పని చేయడానికి వారికి వీలుగా, ఆ రాత్రి పాడిన వరుసలో పాటల పేర్లూ, సభ వివరాలూ రాసి ఇవ్వండి.

చిత్రీకరణ విషయంలో మన అలవాట్లు మార్చుకోక తప్పదు. ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం, యూట్యూబులో మొత్తం కచేరీ పెట్టడం మనకు మామూలే. ఇక్కడ మాత్రం ఏ పాట రికార్డు చేయవచ్చో, ఏది చేయకూడదో గాయకులే నిర్ణయిస్తారు. కొన్ని పాటలు ఒక వ్యక్తి సొత్తు కావు, ఒక వంశానికి, ఒక చోటుకు చెందినవి. వాటిని పాడడానికే పెద్దల అనుమతి కావాలి. రికార్డింగు వద్దని చెబితే, ఫోన్లు లోపల పెట్టుకోమని తెలుగులో, ఇంగ్లీషులో స్పష్టంగా ప్రకటించాలి.

చనిపోయినవారి పేరు పలకడం, బొమ్మ చూపడం కూడా అనేక సముదాయాల్లో కుటుంబం అనుమతి ఉంటేనే జరుగుతుంది. 2017లో గురుముల్, 2022లో ఆర్చీ రోచ్ కన్నుమూసిన తరువాత వారి కుటుంబాలు పేరు, చిత్రం వాడుకోవడానికి అనుమతి ఇచ్చాయి కనుకనే ఈ వ్యాసంలో రాయగలిగాను. మన సభలో దివంగత కళాకారుల చిత్రమాలిక తెర మీద వేయాలనుకునేవారు ఇది మరువకూడదు.

సభ రోజున

మన వేడుకల్లో పిల్లల సినిమా నృత్యాలు, స్పాన్సర్ల ప్రసంగాలు, లాటరీ, భోజనం ఒకదాని మీద ఒకటి వస్తాయి. ఆ రెండు నృత్యాల మధ్య పది నిమిషాలు దొరికితే అందులో ఈ పాటను ఇరికించకండి. కనీసం 45 నిమిషాలు విడిగా కేటాయించి, భోజనం దానికి ముందైనా తరువాతైనా పెట్టండి. వెనుక వరుసల్లో బిర్యానీ పళ్లేల చప్పుడు వినబడుతుంటే, కన్నతల్లిని పోగొట్టుకున్న పాట పాడడం ఎవరికైనా కష్టం. మధ్యాహ్నమే వచ్చి ధ్వని సరిచూసుకునే వీలు కల్పించండి. పాటకు ఒక మైకు, గిటారుకు ఒక లైను, తన గొంతు తనకు వినబడేలా ఒక మానిటరు, చేతులు లేని కుర్చీ, మంచినీళ్లు ఉంటే ఒంటరి గాయకుడికి సరిపోతుంది. డ్యాన్సు పాటలకు పెట్టిన బేస్ తగ్గించమని ధ్వని చూసే మనిషికి చెప్పాలి, మాటలు వినబడడం ముఖ్యం. వేదిక ఎక్కడానికి వాలుదారి ఉందో లేదో చూడండి. ఆర్చీ చివరి ఏళ్లలో ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, కూర్చునే పాడారు.

ఎలా పరిచయం చేయాలో గాయకులనే అడిగి, వారి జాతి పేరు సరిగా పలకడం సాధన చేయండి. వారు చెప్పని కుటుంబ కష్టాలను వ్యాఖ్యాత ముందుగా ఏకరువు పెట్టకూడదు. ఏది చెప్పాలో, ఎంత చెప్పాలో వారి ఇష్టం. “మిమ్మల్ని తీసుకుపోయినప్పుడు ఎలా అనిపించింది?” వంటి ప్రశ్నలు సభలో వేయనివ్వకండి. విషాదం పాడి తీరాలని ఆశించడమూ తప్పే. ప్రేమ పాటలు, తాతల ఊరి పాటలు, పిల్లల పాటలు కూడా వారి దగ్గర ఉంటాయి. ఆ రోజు అవే పాడాలనిపిస్తే అవే వినాలి.

స్థానిక మూలవాసీ కుటుంబాలకు ఉచితంగా ముందు వరుసలు కేటాయించండి. పాట తాకినప్పుడు బయటికి వెళ్లి కూర్చోవడానికి ఒక నిశ్శబ్దమైన గది ఉంచి, తలుపు మీద 13 యార్న్ సహాయవాణి సంఖ్య 13 92 76 అంటించండి. మూలవాసులకు మూలవాసులే ఆసరా ఇచ్చే ఫోను అది.

శాలువా, జ్ఞాపిక మన మర్యాద. కప్పవచ్చునా అని ముందుగా అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. అయితే కళాకారుడిని నిలబెట్టి పదిమంది స్పాన్సర్లు ఫొటోలు దిగడం సన్మానం కాదు. ఒక్కరు, వీలైతే సంఘంలోని పెద్దావిడ, కప్పి నమస్కరిస్తే చాలు.

బదులుగా మన వైపు నుంచి ఒక పాట వినిపించాలనుకుంటే మంచిదే. అప్పుడు “మా ఆదివాసీల పాట” అంటూ సంఘంలోని పిల్లలకు ఈకలు, ఆకులు కట్టి నృత్యం చేయించకండి. 2022లో పద్మశ్రీ అందుకున్న కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల చరిత్రను డోలు మోగిస్తూ పాడారంటే, ఆ కథను తరతరాలుగా మోస్తున్న కుటుంబం ఆయనది. మనలో కోయ, గోండు కుటుంబాల వారుంటే వారిని పాడమనండి. లేకపోతే మన అమ్మమ్మల నోట విన్న లాలిపాటో, నాట్ల పాటో పాడండి.

సభ ముగిశాక రికార్డులు, బట్టలు అమ్ముకోవడానికి గుమ్మం దగ్గర ఒక బల్ల వేయండి, అందులో సంఘానికి వాటా అడగకండి. మిగిలిన రుసుము ఆ రాత్రే చెల్లించండి. వారం లోపల ఫోను చేసి, ఏది బాగుందో, ఏది ఇబ్బంది పెట్టిందో అడిగి రాసిపెట్టుకుని, ఆ కాగితాన్ని వచ్చే ఏటి కార్యవర్గానికి అప్పగించండి. మన సంఘాల్లో పదవులు ఏటా మారుతుంటాయి కనుక ఆ ఫోను నంబరు, ఆ పరిచయం పాత కార్యదర్శితోనే పోకుండా చూడాలి.