చెప్పడం వేరు, రాయడం వేరు చేశాక

నాకు డిస్‌గ్రాఫియా ఉంది, అంటే తెలిసిన విషయాన్నే రాతలో పెట్టడంలో ఇబ్బంది. గడగడా చెప్పగలిగిన జవాబు కాగితం మీదికి వచ్చేసరికి ముక్కలైపోయేది. 'విద్యార్థి' అని రాయాలంటే ఒకే పేజీలో ఒకచోట ఒత్తు ఎగిరిపోయేది, ఇంకోచోట దీర్ఘం పోయేది. ఇది బద్ధకం కాదు. అక్షరం ఆకారం గుర్తు తెచ్చుకోవడానికి, చేతిని కదపడానికే బుర్రంతా ఖర్చయిపోతే స్పెల్లింగుకీ, వాక్యానికీ ఏం మిగులుతుంది? అందుకే చూచిరాత ఎంత చేయించినా పెద్దగా మార్పు రాలేదు.

నాకు పనికొచ్చింది ఈ పనుల్ని విడదీయడమే. ముందు ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టి చెప్పాల్సిందంతా చెప్పేస్తాను, తప్పుల జోలికి పోను. కాసేపాగి దాన్నే ఫోన్ చేత పైకి చదివించుకుంటాను. నా కంటికి దొరకని తప్పు చెవికి ఇట్టే దొరుకుతుంది. 'పాలు' బదులు 'పలు' అని వినపడగానే ఆపి దిద్దుతాను. శ, ష తేడా మాత్రం నా చెవికి అందదు. అందుకే తరచూ తప్పే మాటల పట్టిక ఫోన్‌లోనే ఉంచుకున్నాను.

చేత్తో రాయక తప్పనప్పుడు వెడల్పు గీతల కాగితం, లావుపాటి పెన్ను వాడతాను. పెన్ను నొక్కిపట్టే అలవాటు తగ్గాక వేళ్ల నొప్పీ తగ్గింది.

పరీక్షల్లో అదనపు సమయం, టైప్ చేసే వీలు అడగాలంటే మొదట్లో టెన్షన్‌గా ఉండేది. నిపుణుల రిపోర్టు చేతికొచ్చాక అడగడం తేలికైంది. మీ పిల్లలకీ ఇలా ఉంటే, దయచేసి అదే పేజీ మళ్లీ మళ్లీ రాయించకండి. ముందు నోటితో చెప్పనివ్వండి.