ట్రాన్స్‌జెండర్ ఫిర్యాది స్టేషన్‌కొస్తే: ఎస్సై చేయాల్సిన పని

ముందు పేరు. "ఏ పేరు రాయమంటారు?" అని అడిగి, చెప్పిన పేరే ఫిర్యాదులో రాయించండి. ఆధార్‌లో వేరే పేరుంటే "ఆధార్‌లో ఉన్న పేరు ఫలానా" అని ఒక్కసారి రాస్తే సరిపోతుంది. చాలాచోట్ల రైటర్ అలవాటు కొద్దీ పాత పేరు రాసి పక్కన "అలియాస్" తగిలిస్తాడు. చదివేవాళ్లకు అది ఫిర్యాదిలా కాదు, పాత నేరస్థుడి షీట్‌లా కనిపిస్తుంది.

ఆడా మగా ఎలా రాయాలన్న తడబాటుకు తెలుగులోనే మందుంది. ఎదురుగా ఉన్నప్పుడు "మీరు". వాంగ్మూలం "నేను వెళ్తుంటే కొట్టారు" అని సాగుతుంది కనుక అక్కడ సమస్యే లేదు. చిక్కంతా కేస్ డైరీలో, "చెప్పాడు", "చెప్పింది" దగ్గర. "ఫిర్యాది చెప్పారు" అని రాయండి. "ఆమె" అనమంటే ఆమే.

ఆపరేషన్ అయిందా అని అడగొద్దు. పర్సు కొట్టేసిన కేసుకు దానితో పనేమిటి? లింగ గుర్తింపుకు సర్జరీ కావాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో తేల్చేసింది.

ఇక సెక్షన్లు. ట్రాన్స్‌జెండర్ హక్కుల పరిరక్షణ చట్టం, 2019లోని 18వ సెక్షన్ (ట్రాన్స్‌జెండర్లపై నేరాలకు శిక్షలు చెప్పేది) ఒక్కటే పెట్టి వదిలేయడం తరచూ జరిగే తప్పు. చట్టం చేసినప్పుడు దానికి పెట్టిన గరిష్ఠ శిక్ష రెండేళ్లే. దోపిడీ, తీవ్ర గాయం ఉంటే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్లు కూడా చేర్చాలి, లేదంటే పెద్ద కేసు చిన్నదైపోతుంది. మీ హద్దు కాదని తిప్పి పంపకండి, జీరో ఎఫ్‌ఐఆర్ (హద్దుతో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) కట్టండి.

సోదా చేయాల్సివస్తే ఎవరు చేయాలో ఆ ట్రాన్స్‌జెండర్ వ్యక్తినే అడిగి, ఆ జవాబు పంచనామాలో రాయండి. గది తలుపు వేసి ఉండాలి, అనవసరపు సిబ్బంది బయట.

సిగ్నల్ దగ్గర ట్రాన్స్‌జెండర్ ఒకరు బలవంతంగా డబ్బు లాక్కుంటే ఆ ఒక్కరి మీదే కేసు. గుంపునంతా వ్యాన్ ఎక్కించి ఫొటోలు తీసి జాబితా కట్టడం నిజాం కాలపు అలవాటు. అలా రిజిస్టర్ పెట్టమన్న 1329 ఫసలీ (నిజాం కాలపు లెక్క, అంటే క్రీ.శ. 1919) చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది మిస్సింగ్ కేసులో. ఇంట్లోంచి వెళ్లిపోయిన ట్రాన్స్‌జెండర్ పిల్లల కోసం తల్లిదండ్రులు ఏడుస్తూ వస్తారు, దొరకగానే అప్పగించాలనిపిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండితే అప్పగించడానికి మీకు అధికారం లేదు. తల్లిదండ్రులు పక్కన లేకుండా విడిగా వాంగ్మూలం తీసుకోండి. ఇష్టప్రకారమే వెళ్లానంటే అదే రాసి కేసు మూసేయండి. క్షేమంగా ఉన్నారని ఇంటివాళ్లకు చెప్పండి. అడ్రసు, ఫోన్ నంబరు మాత్రం ఇవ్వొద్దు. మైనరైతే బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి.