స్టీల్‌హెడ్ ఫ్లైల తయారీ – నాలుగో పాఠం: గాలానికి ఈక చుట్టడం

గత పాఠంలో గాలపు కాడ వెనుక సగానికి నారింజ రంగు పట్టుదారం చుట్టి, దారాన్ని కాడ మధ్యలో ఆపాము. వెండి తళుకు తీగ, వెంట్రుకంత సన్నని రాగి తీగ రెండూ కాడ వెనుక చివర కట్టి వేలాడుతున్నాయి. ఫ్లై అంటే చేపను ఆకర్షించడానికి గాలానికి ఈకలు, దారాలు కట్టి చేసే ఎర. ఈ పాఠంలో దానికి ప్రాణమైన హ్యాకిల్‌ను, అంటే ఒంటి చుట్టూ పోచలు (ఈనెకు రెండు పక్కలా ఉండే సన్నని పోగులు) విచ్చుకునేలా చుట్టే ఈకను, కట్టడం నేర్చుకుందాము.

స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి వెళ్లి పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి నదిలోకి వచ్చే రెయిన్‌బో ట్రౌట్ చేప. నదిలోకి వచ్చాక దాని మేత బాగా తగ్గిపోతుంది కనుక, ఫలానా పురుగును అచ్చుగుద్దినట్టు చేసి చూపినంత మాత్రాన అది లొంగదు. ఫ్లైని ప్రవాహానికి అడ్డంగా విసిరి, తాడు బిగిసి అది ఏటికి అడ్డంగా ఒడ్డు వైపు మెల్లగా ఊగుతూ వచ్చేటప్పుడు, నీటి ఒత్తిడికి పోచలు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండాలి. చేపను కదిలించేది ఆ కదలికే. కృత్రిమ పీచుతో కట్టిన ఫ్లైలకూ చేపలు పడతాయి, కాదనను. అయినా మెల్లని నీటిలో సైతం కదిలే గుణం మంచి ఈకకు ఉన్నంతగా మరి దేనికీ లేదని నా గట్టి నమ్మకం.

స్కాట్లండ్‌లోని స్పే నది మీద సాల్మన్ చేపల కోసం పుట్టిన ఈ పొడవు పోచల పద్ధతిని అమెరికా పడమటి తీరపు స్టీల్‌హెడ్‌కు అనువుగా మలిచినవారిలో ముఖ్యుడు సిడ్ గ్లాసో. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్క్స్ పట్టణంలో బడిపంతులుగా ఉంటూ, 1950ల నుంచి ఒలింపిక్ ద్వీపకల్పపు నదుల కోసం ఆయన కట్టిన ఫ్లైలు నేటికీ ఈ పనికి కొలమానంగా నిలిచి ఉన్నాయి. పాత ఫ్లైలలో హెరాన్ ఈకలు వాడేవారు. అమెరికాలో కనిపించే గ్రేట్ బ్లూ హెరాన్ మన నారాయణ పక్షికి దగ్గరి చుట్టం. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం దానికి రక్షణ కల్పిస్తున్నది కనుక, ఏటి ఒడ్డున రాలి దొరికిన ఈకనైనా తీసి దాచుకోవడం నేరమే. సియాటిల్ చుట్టుపక్కల ఉంటున్న మనవారికి మరొక మాట కూడా చెప్పాలి: ఊరికి వెళ్లి వస్తూ నెమలి ఈకలు గాని అడవికోడి మెడ ఈకలు గాని తేవద్దు. భారతదేశం నుంచి వాటి ఎగుమతి నిషిద్ధం.

హెరాన్‌కు బదులుగా నేడు ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి బ్లూ ఇయర్డ్ ఫెజెంట్ అనే పక్షి ఈక. దాని పోచలు పొడవుగా, ఒకదానికొకటి అంటుకోకుండా ఉంటాయి, కాని ధర ఎక్కువ. రెండోది ష్లాపెన్, అంటే కోడిపుంజు నడుము ఈకలకూ తోకకూ మధ్య పెరిగే వెడల్పాటి మెత్తని ఈక. నేర్చుకునేవారు ష్లాపెన్‌తో మొదలుపెట్టడమే మేలు: చవక, పొడవు చాలినంత ఉంటుంది, రంగు బాగా పడుతుంది. మన పాఠానికి నలుపు రంగుది తీసుకోండి.

ఈకను ఎంచుకునేటప్పుడు రంగు కంటే ముందు ఈనెను చూడాలి. కొసను పట్టుకుని ఈనెను వేలి చుట్టూ మెల్లగా వంచినప్పుడు అది విరగకుండా గుండ్రంగా తిరిగితే పనికివస్తుంది. ఎండి పెళుసుగా ఉంటే తడిగుడ్డలో కాసేపు చుట్టి ఉంచండి. పెట్టెలో నలిగి వంకరపోయిన పోచలు మరుగుతున్న నీటి ఆవిరికి క్షణాల్లో తిన్నబడతాయి. తరువాత పోచ పొడవును గాలం పక్కన పెట్టి కొలవండి. ఈక మధ్య భాగంలోని పోచ, ఫ్లై ముందు భాగం నుంచి వెనక్కి దువ్వితే, గాలపు వంపును దాటి కొద్దిగా వెళ్లాలి. అంతకంటే పొట్టిదైతే ఊగదు, మరీ పొడవైతే వంపుకు చుట్టుకుంటుంది.

ఇక ఈకను సిద్ధం చేయాలి. మొదట్లోని నూగును పూర్తిగా తీసేయండి. కుడిచేతివాటం వారు ఈక మెరిసే ముఖం తమవైపు, కొస పైకి ఉండేలా పట్టుకుని ఎడమ పక్క పోచలన్నిటినీ కిందికి లాగి ఒలిచేయాలి. ఎడమచేతివాటం వారు కుడి పక్కవి ఒలవాలి. సగం ఈకను పారేస్తున్నామే అని ప్రాణం ఉసూరుమంటుంది గాని, రెండు పక్కలా పోచలు ఉంచి చుట్టిన ఫ్లై నీటిలో ముద్దకట్టి బిగుసుకుపోతుంది. పలచగా కట్టిన దానిలోనే ఒక్కొక్క పోచ విడివిడిగా ఆడుతుంది. చలికాలపు బురదనీటికి మాత్రం కొంత నిండుగా కట్టవచ్చు.

ఈకను మొదలుతో కాక కొసతో కట్టాలి. అప్పుడు పొట్టి పోచలు వెనుక, పొడవైనవి ముందు వచ్చి ఫ్లై ఆకారం దానంతట అదే కుదురుతుంది. కొసన గోరంత త్రికోణం మిగిల్చి, మెరిసే ముఖం గాలం కన్ను (తాడు కట్టే రంధ్రం) వైపు ఉండేలా, పట్టుదారం ఆగిన చోట మూడు చుట్లతో బిగించండి. ఈకను వెనక్కి వాల్చి ఉంచి, ముందు సగానికి నారింజ రంగు ఉన్ని పీచును దారానికి పురివేసి చుట్టండి. కన్ను దగ్గర రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదలడం మరవవద్దు, ఆ చోటు రెక్కకు కావాలి. తళుకు తీగను మీ నుంచి అవతలికి, సమాన ఎడంతో అయిదు చుట్లు తిప్పి ముందు కట్టేయండి.

ఇప్పుడు ఈక మొదలును హ్యాకిల్ ప్లయర్స్‌తో, అంటే ఈకను పట్టే చిన్న పటకారుతో, పట్టుకుని, తళుకు తీగ వెనుక అంచును ఆనుకుని అదే దిశలో చుట్టుకుంటూ రండి. ప్రతి చుట్టుకూ ఆగి, తడి వేళ్లతో పోచలను వెనక్కి నిమిరి, కింద ఇరుక్కున్నవాటిని సూదితో పైకి తీయాలి. ఈ పనిలో తొందర కూడదు, ఎందుకంటే ఒక చుట్టు కింద నలిగిన పోచను తరువాత ఎవరూ సరిచేయలేరు. ముందుకు చేరాక ఈనెను గట్టిగా కట్టి కత్తిరించండి. ఆ తరువాత రాగి తీగను వ్యతిరేక దిశలో, అంటే మీ వైపుకు, పోచలను తప్పిస్తూ అటూ ఇటూ ఆడించుకుంటూ చుట్టితే, అది ఈనెను అడుగడుగునా అడ్డంగా నొక్కి పట్టుకుంటుంది. చేప పళ్లకు ఈనె ఒకచోట తెగినా ఈక మొత్తం ఊడిరాదు.

చివరగా, చుక్కల గిన్నెకోడి ఈకను ఒకదాన్ని ఇదే విధంగా కొసతో కట్టి, రెండే చుట్లు వేయండి. దాని పోచలు నల్ల పోచల్లో సగం పొడవు ఉంటే చాలు. గట్టి పోచలు కనుక, నీటి ఒత్తిడికి మెత్తని హ్యాకిల్ ఒంటికి పూర్తిగా అతుక్కుపోకుండా ఇవి ముందు నుంచి కాపు కాస్తాయి. పైన నిలబడిన పోచలను వేలితో రెండు పక్కలకూ పాయదీసి, కాడ మీద రెక్కకు చోటు చేసి, విప్ ఫినిష్ ముడి, అంటే దారాన్ని దాని మీదే చుట్టి బిగించే ముడి, వేసి దారం తెంపండి.

ఫ్లై కన్నుకు ఒక దారం కట్టి, గాజుగ్లాసు నీటిలో ముంచి, ఆ దారంతో అటూ ఇటూ లాగి చూడండి. పోచల మధ్య నుంచి నారింజ రంగు కనిపిస్తూ ఉండాలి. కనిపించకపోతే ఒక చుట్టు ఎక్కువైనట్టే, విప్పి మళ్లీ చుట్టండి. వచ్చే పాఠం రెక్కల గురించి. దానికి మల్లార్డ్ మగబాతు భుజం పక్కన పెరిగే గోధుమవన్నె ఈకలు కావాలి. ఎడమ పక్కది ఒకటి, కుడి పక్కది ఒకటి, పోచల పొడవులో జతకుదిరేవి చూసి ముందే తీసి ఉంచుకోండి.