కోడ్ ఎడిటర్‌లో డయాగ్రమ్ – 4వ పాఠం: పెట్టె మీద పేరు మారిస్తే ఫైల్‌లోనూ మారాలి

విఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌కి అదనపు పని నేర్పే ఎక్స్‌టెన్షన్ ఒకటి రాస్తున్నాం: ఫైల్‌లోని టెక్స్ట్‌ని డయాగ్రమ్‌గా చూపించడం. పోయిన పాఠంతో అది ఒక దిక్కున పనిచేస్తోంది. రైలు టికెట్ స్థితులు రాసుకున్న ఫైల్‌లో "వెయిటింగ్ -> ఆర్‌ఏసీ", "ఆర్‌ఏసీ -> కన్ఫర్మ్" అని రెండు లైన్లు ఉంటే, డయాగ్రమ్‌లో మూడు పెట్టెలు, రెండు బాణాలు వస్తున్నాయి. ఇవాళ రెండో దిక్కు చూద్దాం. పెట్టె మీద డబుల్ క్లిక్ చేసి "వెయిటింగ్"ని "నిరీక్షణ" అని మారిస్తే ఫైల్‌లో కూడా మారాలి.

అందరికీ మొదట తట్టే పద్ధతి ఒకటుంది. పెట్టె మీద పేరు వెంటనే మార్చేసి, ఆ తర్వాత ఫైల్‌కి కబురు పంపడం. అలా చేయకండి. ఫైల్ మారగానే "డాక్యుమెంట్ మారింది" అనే ఈవెంట్ వస్తుంది, దాంతో డయాగ్రమ్ మళ్లీ గీయబడుతుంది. అది మళ్లీ ఫైల్‌కి కబురు పంపితే ఇక ఆ గొలుసు తెగదు. దాన్ని ఆపడానికి "ఇది నేను చేసిన మార్పే" అని గుర్తుపెట్టుకునే జెండాలు (అవును/కాదు అని చెప్పే వేరియబుల్స్) మొదలవుతాయి. మూడో జెండా దగ్గరికి వచ్చేసరికి ఏది ఎందుకు పెట్టామో మనకే తెలియదు.

మన నియమం ఒక్కటే: అసలు మోడల్, అంటే ఏ పెట్టెలు, ఏ బాణాలు ఉన్నాయో చెప్పేది, ఫైల్‌లోని టెక్స్టే. డయాగ్రమ్ తనంతట తాను ఎప్పుడూ మారదు. పేరు మార్చమని అడుగుతుంది, టెక్స్ట్ మారాక కొత్త బొమ్మ అందుకుంటుంది, అంతే.

మొదటి పాఠంలో కస్టమ్ ఎడిటర్‌కి బదులు కస్టమ్ టెక్స్ట్ ఎడిటర్ ఎంచుకున్నది ఇందుకే. మొదటి రకంలో సేవ్, అన్‌డూ అన్నీ మనమే రాసుకోవాలి. రెండో రకంలో వెనక ఉన్నది మామూలు టెక్స్ట్ డాక్యుమెంట్ కాబట్టి ఆ పనులు విఎస్ కోడే చూసుకుంటుంది.

ఇక పని. బొమ్మ ఉన్న వెబ్‌వ్యూ (ఎడిటర్ లోపల తెరుచుకునే వెబ్ పేజీ) విడిగా నడుస్తుంది, ఫైల్‌ని నేరుగా ముట్టుకోలేదు. పోస్ట్‌మెసేజ్ అనే ఫంక్షన్ ద్వారా ఎక్స్‌టెన్షన్‌కి కబురు పంపడమే దానికున్న దారి. ఆ కబురులో పాత పేరు, కొత్త పేరు, బొమ్మ ఏ వెర్షన్ టెక్స్ట్ నుంచి గీశామో ఆ నంబరు, మూడూ పెట్టండి. డాక్యుమెంట్‌కి వెర్షన్ నంబరు విఎస్ కోడే ఇస్తుంది. ప్రతి మార్పుకీ, చివరికి అన్‌డూకి కూడా, అది పెరుగుతుందే తప్ప తగ్గదు. కబురులోని నంబరూ ఇప్పటి నంబరూ కలవకపోతే ఆ కోరికను పక్కన పడేయండి. అప్పటికి బొమ్మ పాతదైపోయినట్టే.

ఇంకో చిక్కు కూడా దీంతోనే తీరుతుంది. యూజర్ పక్క కిటికీలో టైప్ చేస్తూ బాణం సగంలో ఆపితే పార్సర్ (టెక్స్ట్‌ని చదివి పెట్టెలు, బాణాలుగా విడదీసే కోడ్) తప్పు చూపిస్తుంది. అప్పుడు బొమ్మ చెరిపేయకండి, కళ్లముందు పెట్టెలన్నీ మాయమైతే ఎవరికైనా చిరాకే. చివరిసారి సరిగ్గా వచ్చిన బొమ్మనే కాస్త మసకగా ఉంచండి. దాని మీద ఎవరైనా డబుల్ క్లిక్ చేసినా నంబరు కలవదు కాబట్టి ఫైల్ చెడదు.

కోరిక చెల్లితే మార్పు చేయాలి. ఫైల్ మొత్తాన్ని కొత్త టెక్స్ట్‌తో మార్చేయడం తేలికే, కానీ పక్క కిటికీలో కర్సర్ ఎక్కడికో గెంతవచ్చు. పార్సర్ ఇచ్చిన పెట్టెలు, బాణాల జాబితా నుంచి టెక్స్ట్‌ని మళ్లీ తయారుచేస్తే యూజర్ రాసుకున్న కామెంట్లు, ఖాళీ లైన్లు కూడా పోతాయి. అందుకే పార్సర్ ప్రతి పేరుకీ లైను, మొదలు, చివర గుర్తుపెట్టుకోవాలి. ఆ పేరు కనిపించిన చోటల్లా ఒక్కో రీప్లేస్ చొప్పున ఒకే వర్క్‌స్పేస్ ఎడిట్‌లో (మార్పులన్నిటినీ ఒక కట్టగా విఎస్ కోడ్‌కి ఇచ్చే పద్ధతి) పెట్టి అప్లై చేయండి. విడివిడిగా చేస్తే యూజర్ ఒకసారి కంట్రోల్ జెడ్ కొట్టినప్పుడు పేరు ఒకచోట పాతది, ఇంకోచోట కొత్తది అవుతుంది.

తెలుగు పేర్లు వాడేవాళ్లకి ఇక్కడ ఒక జాగ్రత్త. కంటికి "వెయిటింగ్" నాలుగు అక్షరాలు, జావాస్క్రిప్ట్ లెక్కలో తొమ్మిది, ఎందుకంటే గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు కూడా విడిగా లెక్కకొస్తాయి. విఎస్ కోడ్ స్థానాలు కూడా ఆ లెక్కలోనే ఉంటాయి కాబట్టి స్ట్రింగ్ పొడవునే నమ్మండి, అక్షరాలు మీరు లెక్కపెట్టకండి. "ఆర్‌ఏసీ"లో పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీత గుర్తు ఉంటుంది. ఒకరు దాంతో, ఇంకొకరు అది లేకుండా టైప్ చేస్తే డయాగ్రమ్‌లో రెండు ఆర్‌ఏసీ పెట్టెలు వస్తాయి. పేర్లు పోల్చేటప్పుడు మాత్రమే ఆ గుర్తు తీసేయండి. ఫైల్‌లో దాన్ని కదపొద్దు.

మిగిలినవి చిన్నవి. "డాక్యుమెంట్ మారింది" ఈవెంట్ తెరిచి ఉన్న అన్ని ఫైళ్లకీ వస్తుంది, మన ఫైల్ అవునో కాదో యూఆర్‌ఐ (ఫైల్ చిరునామా) పోల్చి చూడండి. ప్యానెల్ మూసినప్పుడు ఆ ఈవెంట్‌ని వినే కోడ్‌ని, అంటే లిజనర్‌ని, డిస్పోజ్ చేయండి (తీసేయండి). ట్యాబ్ వెనక్కి వెళితే వెబ్‌వ్యూలోని పేజీ మామూలుగా చెరిగిపోతుంది, తిరిగొచ్చాక స్క్రిప్ట్ మొదటి నుంచి నడుస్తుంది. అది "సిద్ధం" అని కబురు పంపగానే బొమ్మ మళ్లీ ఇవ్వండి. జూమ్ ఎంత ఉందో మాత్రం సెట్‌స్టేట్ అనే ఫంక్షన్‌తో దాచుకోవాలి, ఎందుకంటే అది ఫైల్‌లో ఉండదు.

అభ్యాసం: ఎఫ్5 కొట్టి ఎక్స్‌టెన్షన్‌ని నడిపి, ఒకే ఫైల్‌ని పక్కపక్కనే టెక్స్ట్‌గా, డయాగ్రమ్‌గా తెరవండి. డయాగ్రమ్‌లో "కన్ఫర్మ్" పేరు మార్చి, టెక్స్ట్ వైపు వచ్చి అన్‌డూ చేయండి. ఒక్క దెబ్బకి అన్నిచోట్లా పాత పేరు రావాలి. తర్వాత "కన్ఫర్మ్"ని "వెయిటింగ్" అని మార్చి చూడండి. రెండు పెట్టెలు కలిసిపోతాయి. దీన్ని ఒప్పుకోవాలా, ఆపాలా అన్నది మీరే తేల్చి, ఆ తనిఖీ ఎక్స్‌టెన్షన్ వైపు రాయండి. యూజర్ పెట్టెని లాగి పెట్టిన చోటు ఎక్కడ దాచాలన్నది 5వ పాఠంలో.