ఇసుజు వీ-క్రాస్‌కు పెద్ద టైర్లు: ఏ సైజు పడుతుంది, ఎక్కడ రాసుకుంటుంది

శ్రీసిటీ ఫ్యాక్టరీలో 2016 నుంచి తయారవుతున్న డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్ ట్రక్కును అడవి దారులకు, గుట్టలకు సిద్ధం చేసేవాళ్లు ముందుగా చేయి వేసేది టైర్ల మీదే. అది సరైన పనే. కాకపోతే చాలామంది టైరు కొన్నాక కొలతలు తీస్తారు. అసలు తీయాల్సిన కొలత కూడా బండి నిలిచి ఉన్నప్పటిది కాదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు టైరుకూ ఇనుముకూ మధ్య ఎంత సందు మిగులుతుందన్నదే లెక్క.

సైజు లెక్క

బీఎస్-6 వీ-క్రాస్‌కు కంపెనీ ఇచ్చే టైరు 255/60 ఆర్18. మోడల్ సంవత్సరాన్ని బట్టి, వేరియంట్‌ను బట్టి ఇది మారుతుంది. డీ-మ్యాక్స్‌లోనే మరో రకమైన హై-ల్యాండర్‌కు 245/70 ఆర్16 వస్తుంది. కాబట్టి డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ చూసుకుని మొదలుపెట్టండి. 255 అంటే మి.మీ.లలో టైరు వెడల్పు. అందులో 60 శాతం 153 మి.మీ., అది ఒక వైపు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు. రెండు వైపులా కలిపి 306, పద్దెనిమిది అంగుళాల రిమ్ము 457. మొత్తం ఎత్తు 763 మి.మీ., అంటే 30 అంగుళాలు.

ఇదే లెక్కన 265/60 ఆర్18 టైరు 775 మి.మీ. వస్తుంది. ఏమీ కదపకుండా ఎక్కుతుంది, బండి ఎత్తులో పెద్ద తేడా కూడా ఉండదు. 265/65 ఆర్18, 265/70 ఆర్17 రెండూ దాదాపు 802 మి.మీ., అంటే 31.6 అంగుళాలు. లిఫ్ట్ (సస్పెన్షన్ ఎత్తు పెంచడం) లేకుండా వెళ్లగలిగే హద్దు ఇక్కడే అనుకోండి. 285/70 ఆర్17కు వెళితే 831 మి.మీ., దగ్గర దగ్గర 33 అంగుళాలు. అక్కడి నుంచి అది టైర్ల పని కాదు. సస్పెన్షన్, వెల్డింగ్, అలైన్‌మెంట్ అన్నీ కలిసి మీద పడతాయి.

ఎత్తు ఎంత పెరిగినా బండి కింద దొరికేది అందులో సగమే. 802 మి.మీ. టైరు వేస్తే యాక్సిల్ కింద 20 మి.మీ. వస్తుంది, అంతే. అయినా 18 నుంచి 17 రిమ్ముకు దిగడంలో ఇంకో లాభం ఉంది. సైడ్‌వాల్ 153 నుంచి 185 మి.మీ.కు పెరుగుతుంది. రాళ్లలో గాలి తగ్గించి నడిపేటప్పుడు రిమ్మును కాపాడేది ఆ 32 మి.మీ. రబ్బరే. ఆఫ్‌రోడ్‌కే అయితే 265/70 ఆర్17 మేలైన ఎంపిక. కొత్త రిమ్ముల ఖర్చు వద్దనుకుంటే 265/65 ఆర్18 చాలు.

కొనేముందు చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే తేల్చి చెప్పింది. అదే చట్టం సెక్షన్ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ సర్వేయర్ టైరు సైజు రాసుకుంటే క్లెయిము అక్కడే చిక్కుకోవచ్చు. సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలిపి, పాలసీలో నమోదు చేయించుకోండి. వాళ్లు ఒప్పుకోకపోతే కంపెనీ సైజులోనే మంచి ఆల్-టెరైన్ (రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే) టైరు వేసుకోవడం తెలివైన పని.

టైరు ఎంపిక

రోజూ తారురోడ్డు, వారాంతంలో మారేడుమిల్లి వైపు అడవి దారి అయితే ఆల్-టెరైన్ చాలు. నల్లరేగడిలో వానాకాలం తిరిగే బండికి మాత్రమే మడ్-టెరైన్ అర్థవంతం. రేగడి టైరు గాళ్లలో దట్టంగా మెత్తుకుపోతుంది. గాళ్లు వెడల్పుగా ఉంటేనే చక్రం వేగంగా తిరిగినప్పుడు ఆ మట్టి ఊడి పడుతుంది. హైవే మీద మాత్రం మడ్-టెరైన్ హోరు భరించాలి. తడి రోడ్డుపై బ్రేకు దూరం కూడా పెరుగుతుంది.

సైడ్‌వాల్ మీద సైజుకు ముందు ఎల్‌టీ (లైట్ ట్రక్) అని ఉందో లేదో చూడండి. ఎల్‌టీ టైరు పొర గట్టిది, రాయి కోతకు నిలుస్తుంది, కానీ ఒక్కోటి మామూలు టైరు కంటే 5 నుంచి 8 కిలోలు బరువు ఎక్కువ ఉండొచ్చు. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును సూచించే అంకె) కంపెనీ టైరుకున్న అంకె కంటే తక్కువ ఉండకూడదు. ఐఎస్‌ఐ గుర్తు, తయారీ వారం కూడా చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం. రెండేళ్లు గోడౌన్‌లో పడున్న టైరుకు కొత్త టైరు ధర కట్టకండి.

రిమ్ములో దాగిన చిక్కు

వీ-క్రాస్‌కు ఆరు నట్లు, 139.7 మి.మీ. పీసీడీ (నట్ల రంధ్రాల మధ్యల గుండా గీసే వలయం వ్యాసం). ఫార్చ్యూనర్‌కూ ఇదే కొలత కాబట్టి సెకండ్‌హ్యాండ్ ఫార్చ్యూనర్ అలాయ్‌లు ఇట్టే ఎక్కుతాయి. చిక్కు మధ్య రంధ్రంలో ఉంది. ఫార్చ్యూనర్ రిమ్ము రంధ్రం 106 మి.మీ., వీ-క్రాస్ హబ్ 100 మి.మీ. ఆ 6 మి.మీ. వదులుతో రిమ్ము నట్ల మీదే నిలబడుతుంది, 90 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు. లాత్ షాపులో అల్యూమినియం రింగు తిప్పించి మధ్యలో కూర్చోబెట్టాలి. కొన్ని ఫార్చ్యూనర్ అలాయ్‌లకు అడుగు చదునుగా ఉండే వాషరు నట్లు కావాలి. కోన్ నట్లు వాటిలో సరిగా కూర్చోవు, క్రమంగా వదులవుతాయి.

265/70 ఆర్17కు 7 నుంచి 9 అంగుళాల రిమ్ము వెడల్పు సరిపోతుంది, 8 ఉత్తమం. ఆఫ్‌సెట్ (రిమ్ము హబ్‌కు ఆనే ముఖం రిమ్ము నడిమికి ఎంత దూరమో చెప్పే కొలత) విషయంలో ఆశకు పోవద్దు. టైరు బయటికి పొడుచుకొచ్చి కనిపించాలని ఆఫ్‌సెట్ సున్నాకు దించితే, స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు తిరిగే వలయం పెద్దదై బంపర్ మూలకూ మడ్‌గార్డుకూ తగులుతుంది, బేరింగులకూ భారం పెరుగుతుంది. ఒరిజినల్‌కు 10-15 మి.మీ. లోపే ఉంచండి. టైరు ఎక్కించకముందే ఉత్తి రిమ్మును ముందు హబ్‌కు బిగించి చేత్తో తిప్పండి. బ్రేకు క్యాలిపర్‌కు తగలకూడదు.

బిగించడం

1. చదును నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, ఎదుటి చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తండి.

2. హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో తుప్పు పోయేదాకా రుద్దండి. అక్కడ పొక్కు మిగిలితే రిమ్ము వంకరగా కూర్చుంటుంది. స్టడ్ మరల మీద గ్రీజు పూయకండి. పూస్తే టార్క్ రెంచ్ చూపే అంకె తప్పుతుంది.

3. కొత్త వాల్వులు వేయించండి. టైరు మీద పసుపు చుక్క ఉంటే దాన్ని వాల్వు పక్కకు తెప్పించండి. బీడ్‌కు (రిమ్ములో కూర్చునే టైరు అంచుకు) సబ్బు ద్రావణం పట్టించి, గాలి 40 పీఎస్‌ఐ దాటకుండా కూర్చోబెట్టాలి. కూర్చోకపోతే గాలి పెంచడం కాదు, దించి మళ్లీ సబ్బు పట్టించాలి.

4. బ్యాలెన్సింగ్‌లో ఒక వైపే 100 గ్రాములు దాటి సీసం అడిగితే, బీడ్ వదిలించి టైరును రిమ్ము మీద 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడమనండి. పెద్ద టైర్లలో చాలాసార్లు సగానికి తగ్గుతుంది.

5. నట్లన్నీ చేత్తో ఎక్కించి, ఒకటి బిగించాక దానికి సరిగ్గా ఎదుటిది బిగించండి. చక్రం నేలకు ఆనాక మాన్యువల్‌లోని అంకెకు టార్క్ రెంచ్‌తో ముగించండి. షాపు గన్‌తో బిగించి వదిలేస్తే స్టడ్ సాగుతుంది. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచ్ పెట్టండి.

రాసుకునే చోట్లు

ముందు చక్రం వెనక భాగంలో మొదట మడ్‌ఫ్లాప్, తర్వాత ప్లాస్టిక్ లైనర్, దాని వెనక బాడీ మౌంట్ (బాడీని ఛాసిస్‌కు బిగించే చోటు) తగులుతాయి. ముందువైపు బంపర్ కింది మూల. టైరు భుజం చుట్టూ తడి సుద్ద రుద్ది, స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి ముందుకీ రివర్స్‌లోనూ నడపండి. ఎడమకూ అలాగే చేయండి. తర్వాత ఒక ముందు చక్రాన్ని గట్టు మీదికి నెమ్మదిగా ఎక్కించి, స్ప్రింగ్ నొక్కుకున్న స్థితిలో స్టీరింగ్ మళ్లీ తిప్పండి. సుద్ద అచ్చు పడ్డ చోటే తగులుతున్న చోటు. 31.6 అంగుళాల టైరుకు మడ్‌ఫ్లాప్ తీసేయడం, లైనర్‌ను హీట్ గన్‌తో వేడి చేసి లోపలికి నొక్కి క్లిప్పులు బిగించడం చాలావరకు సరిపోతుంది. ఇంకా తగిలితే అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) పెంచమనండి. చక్రం కొద్దిగా ముందుకు జరిగి బాడీ మౌంట్‌కు దూరమవుతుంది. బాడీ మౌంట్ కోసి వెల్డింగ్ చేసే పని 33 అంగుళాలకే, అదీ ఆ పని తెలిసినవాళ్ల చేతే.

రెండు అంగుళాల లిఫ్ట్ వేస్తే రాపిడి పోతుందన్నది సగమే నిజం. నిలిచి ఉన్నప్పుడు సందు పెరుగుతుంది. గుంతలో పడి స్ప్రింగ్ చివరిదాకా నొక్కుకున్నప్పుడు, బంప్ స్టాప్ (స్ప్రింగ్ కదలికకు హద్దు పెట్టే రబ్బరు దిమ్మ) మార్చనంతవరకు టైరు పాత ఎత్తుకే చేరుతుంది. పైగా ముందు స్పేసర్ వేస్తే యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి వాటిని కప్పే రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. వెనక కమాన్లకు ఒక పట్టీ అదనంగా వేసి ముందు వదిలేస్తే బండి ముక్కు కిందికి వంగి, హెడ్‌లైట్లు నేలను చూస్తాయి.

ఆ తర్వాత

అలైన్‌మెంట్ తప్పనిసరి. రిపోర్టు ప్రింటు అడిగి తీసుకోండి. స్టీరింగ్ తేలికై బండి అటూ ఇటూ తిరుగుతుంటే క్యాస్టర్ తక్కువైందని అర్థం. టైరు లోపలి అంచు తరుగుతుంటే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) చూడాలి. నడుమ తరుగుతుంటే గాలి ఎక్కువైంది. ఎల్‌టీ టైరుకు స్టిక్కర్ మీది గాలి చాలదు. ఖాళీ బండికి 38 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, టైరు మీద అడ్డంగా సుద్ద గీత గీసి వంద మీటర్లు తిన్నగా నడపండి. గీత నడుమ మాత్రమే చెరిగితే గాలి తగ్గించండి, అంచులే చెరిగితే పెంచండి. ఇసుకలో 18కి దించవచ్చు. మరీ దించితే మలుపులో బీడ్ ఊడుతుంది. తారురోడ్డు ఎక్కకముందే గాలి కొట్టాలి.

స్టెప్నీని మరిచిపోవద్దు. ట్రక్ బెడ్ కింది చోటు, చైను బిగింపు ముందే కొలవండి. పాత స్టెప్నీయే ఉంచుకుంటే పెద్ద టైరు పక్కన వెనక యాక్సిల్‌కు వేయకండి, డిఫరెన్షియల్ ఆగకుండా పనిచేసి వేడెక్కుతుంది. దాన్ని ముందు చక్రానికి వేసి, ఫోర్-వీల్ వాడకుండా షాపుదాకా వెళ్లండి. జాకీతో పాటు ఒక చెక్క దిమ్మ పెట్టుకోండి. పెద్ద టైర్ల బండికి కంపెనీ జాకీ ఎత్తు చాలదు.

టైరు 5 శాతం పెరిగితే గేర్లు అంత బరువెక్కుతాయి. 4.10 ఫైనల్ డ్రైవ్ (యాక్సిల్‌లోని చివరి గేరు నిష్పత్తి) ఉన్న బండికి అది 3.90 అయినట్టు అనిపిస్తుంది. 1.9 లీటర్ ఇంజిన్ 360 ఎన్‌ఎం టార్క్ ఇస్తుంది కాబట్టి ఘాట్ రోడ్డులో ఒక గేరు ముందే దించితే సరి. స్పీడోమీటర్ ఇదివరకు 100 చూపిన వేగంలో ఇప్పుడు 95 చూపుతుంది. ఓడోమీటర్ కూడా అంతే. అది 9,500 చూపినప్పటికే చక్రాలు 10,000 తిరిగి ఉంటాయి, ఆయిల్ మార్పు లెక్క దాన్ని బట్టి వేసుకోండి.