చైన్ రూల్‌ను ప్లస్ టూ విద్యార్థులకు ఎలా బోధించాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, కళాశాలలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో గణితం చదివే పిల్లలు చైన్ రూల్ (ఒక ప్రమేయం లోపల మరో ప్రమేయం ఉన్నప్పుడు అవకలజాన్ని, అంటే మార్పు రేటును, కనుక్కునే పద్ధతి) సూత్రాన్ని తడబడకుండా అప్పజెప్పి కూడా, లెక్క దగ్గరకు వచ్చేసరికి లోపలి ప్రమేయపు అవకలజాన్ని రాయకుండా వదిలేస్తుంటారు. రెండు మార్పు రేట్లు ఒకదానితో ఒకటి గుణించుకుంటాయన్న సంగతిని ముందు తెలుగులో అర్థం చేయించి, సూత్రాన్ని ఆ తరువాత బోర్డు మీద రాస్తే ఈ పొరపాటు చాలావరకు తగ్గుతుంది.

మొదట ఇలా ఒకదాని లోపల మరొకటి ఉన్న సంయుక్త ప్రమేయాన్ని గుర్తించడం నేర్పాలి. (3ఎక్స్ + 1)² రాసి, ఎక్స్‌కు 2 ఇస్తే ఏ పని ముందు, ఏ పని చివర చేస్తారని అడగాలి. చివర చేసేది వర్గం కనుక అదే బయటి ప్రమేయం.

తరువాత అంకెలతో ఒక ఉదాహరణ తీసుకోవాలి. గజపతి జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. పైకి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత సగటున ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. గంటకు 300 మీటర్ల ఎత్తు చొప్పున కొండ ఎక్కేవారికి గంటకు ఎంత చల్లబడుతుందని అడిగితే, సూత్రం తెలియని విద్యార్థి కూడా 0.0065ను 300తో గుణించి 1.95 డిగ్రీలు అని చెబుతాడు. మీటరుకు ఇన్ని డిగ్రీలు, గంటకు ఇన్ని మీటర్లు అన్న ప్రమాణాలను కూడా పక్కపక్కనే రాయించాలి; మీటర్లు పోయి గంటకు డిగ్రీలు మిగలడం వాళ్లే గమనిస్తారు.

ఇప్పుడు సూత్రం రాయవచ్చు: డివై బై డిఎక్స్ = (డివై బై డియు) × (డియు బై డిఎక్స్). ఇక్కడ యు లోపలి ప్రమేయం, వై మొత్తం ప్రమేయం. డియు కొట్టివేయబడుతుందని చెప్పడం జ్ఞాపకానికి పనికివస్తుంది గాని నిరూపణ కాదు. ఎక్స్ మారినా యు మారని చోట యులోని మార్పు సున్నా అవుతుంది, సున్నాతో భాగించలేము.

అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసింది సరిచూడడానికి. (3ఎక్స్ + 1)²ను విస్తరిస్తే 9ఎక్స్² + 6ఎక్స్ + 1, దాని అవకలజం 18ఎక్స్ + 6; ఎక్స్ = 1 వద్ద అది 24. చైన్ రూల్ ప్రకారం 2(3ఎక్స్ + 1) × 3 కూడా 24 ఇస్తుంది, 3ను మరచినవారికి మాత్రం 8 వస్తుంది. ఏది నిజమో తేల్చడానికి ఎక్స్‌ను 1 నుంచి 1.01కి మార్చి చూడమనాలి: విలువ 16 నుంచి 16.2409కి పెరుగుతుంది, ఆ తేడాను 0.01తో భాగిస్తే 24.09. ఈ భాగహారాన్ని విద్యార్థి తన చేత్తో చేయాలి, ఉపాధ్యాయుడు చేసి చూపిస్తే అంత గట్టిగా నాటుకోదు.

తరువాత సైన్(ఎక్స్²), (సైన్ ఎక్స్)² రెండింటినీ పక్కపక్కన ఇవ్వాలి. మొదటిదానికి 2ఎక్స్ కాస్(ఎక్స్²), రెండోదానికి 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ వస్తాయి. మొదటిదానిలో కాస్ లోపల ఎక్స్² చెక్కుచెదరకుండా ఉండాలని ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్నీ అవకలనం చేసేసి కాస్(2ఎక్స్) రాస్తారు. మూడు పొరలున్న (సైన్ 2ఎక్స్)³ వంటి లెక్కలు ఈ జత కుదిరిన తరువాతే.

చివరి పరీక్షగా, ఎక్స్‌ను డిగ్రీలలో తీసుకుని సైన్ ఎక్స్° అవకలజం అడగాలి. జవాబు (పై/180) కాస్ ఎక్స్°. ఆ పై/180 ఎక్కడి నుంచి వచ్చిందో విద్యార్థి తన మాటల్లో చెప్పగలిగితే తరువాతి పాఠానికి వెళ్లవచ్చు.